చివరి కార్మికుడికి ఇంకో మాట

రాత్రి షిఫ్టు దిగిన బావ పొద్దున్నే నా గదికి వచ్చాడు. ఒంటి మీద ఇంకా ఫర్నేసు వేడి, గ్రీజు వాసన ఉన్నాయి. నేను పళ్ళు తోముకుంటున్నాను.

"నువ్వు రాసింది మా గేటు దగ్గర అంటించారురా" అన్నాడు చెప్పులు విప్పుతూ. "పేరు లేదు గానీ చదవగానే నీదేనని తెలిసిపోయింది. నీకు మొదట్నుంచీ వాక్యం చివర 'గమనించగలరు' అని రాసే అలవాటు."

నోరు కడుక్కుని వచ్చి కుర్చీ చూపించాను. బట్టలు మాసిపోయి ఉన్నాయని ఆయన నేల మీదే కూర్చున్నాడు.

"అర్థమైందా బావా?"

"ఎందుకు కాదు. మాతో పనిచేసే రేడియోగాడు అందరికీ పైకి చదివి వినిపించాడు. 'చివరి కార్మికుడు తెచ్చే విలువ అతనికిచ్చే కూలి కన్నా తక్కువని గమనించగలరు.' గమనించాం. అందరూ నావైపే గమనించారు."

"నీవైపు ఎందుకు?"

"హాజరు మస్టర్లో ఆఖరి నంబరు నాదే కదరా. చివరి కార్మికుణ్ణి నేనే. అప్పట్నుంచీ టీ తాగడానికి పోతే 'చివరోడా, గ్లాసు అందుకో' అంటున్నారు."

నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి ఒక ఫొటో చూపించాడు. నా నాలుగు పేజీల పక్కన ఫ్యాక్టరీ మేనేజరు ఇంకో కాగితం అంటించాడు. అధ్యయన సంస్థ నివేదికను అనుసరించి మస్టరు చివరి నుంచి మనుషుల్ని తగ్గిస్తామని, మొదటి విడతగా సోమవారం నుంచి చివరి కార్మికుణ్ణి తప్పిస్తున్నామని అందులో ఉంది.

"ఇది తమాషా కాదు బావా" అన్నాను.

"నేనూ అదే అనుకుంటున్నా" అన్నాడు.

నేను పనిచేసే సంస్థ పరిశ్రమల మీద నివేదికలు రాస్తుంది. ఈసారి గాజు సీసాల ఫ్యాక్టరీల గురించి అడిగారు. ఊళ్ళో ఉన్న గాజు ఫ్యాక్టరీలన్నిటి ఫర్నేసులు, అచ్చులు, గోడౌన్లు, ఆఫీసుల్లో ఏసీలు, మేనేజర్ల కార్లు అన్నీ డబ్బుగా మార్చి కలిపితే ఒక అంకె వస్తుంది. దాని పేరు పెట్టుబడి. అందులో పనిచేసేవాళ్ళ గంటలన్నీ కలిపితే ఇంకో అంకె. దాని పేరు శ్రమ. ఈ రెండూ లోపల వేస్తే మొత్తం ఉత్పత్తి విలువ బయటికి వస్తుందని చెప్పే సమీకరణాన్ని సమష్టి ఉత్పత్తి ప్రమేయం అంటారు. పెట్టుబడిని కదలకుండా ఉంచి శ్రమను ఒక్క పిసరు పెంచితే ఉత్పత్తి ఎంత పెరుగుతుందో ఆ సమీకరణంలోంచే తీయవచ్చు. పుస్తకాల్లో దాన్ని శ్రమ ఉపాంత ఉత్పత్తి అంటారు.

అసలు నివేదిక లావుగా ఉంటుంది. కార్మికులకు అర్థమయ్యేలా దాని సారం నాలుగు పేజీల్లో రాయమని నాకు అప్పగించారు. ఆఫీసులో ఫ్యాక్టరీ కార్మికుల ఇంట్లోంచి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఉపాంత అని రాస్తే మా ఇంట్లో ఒక్కరికీ అర్థం కాదు. కాలేజీలో మా మేష్టారు దాన్ని 'చివరి మనిషి తెచ్చేది' అని చెప్పేవారు. నేనూ అదే రాశాను.

"అది నీ గురించి కాదు బావా. అసలు ఎవరి గురించీ కాదు. అదొక లెక్క. ప్రమేయం అని ఉంటుంది చూడు."

"చూశా. ఆ మాట నాలుగుసార్లు వచ్చింది. నీ ప్రమేయం ఉందా అందులో?"

"అది లెక్కల్లో వాడే మాట."

"అంతేలే. లెక్కకి ఉందన్నమాట, నీకు లేదు." లేచి చెప్పులు వేసుకున్నాడు. "నేనేం నిన్ను అనడానికి రాలేదు. దీన్ని ఆపడానికి ఎవరికి చెప్పుకోవాలో నీకు తెలుస్తుందేమోనని వచ్చా. నాకు తెలిసిన ఆఫీసరువి నువ్వొక్కడివే."

అచ్చుల దగ్గర పని ఆయనకి పాతికేళ్ళ నుంచి తెలుసు. ఇంతకుముందు చేసిన చిన్న ఫ్యాక్టరీ మూతపడితే, అక్కడి వాళ్ళలో కొందరిని ఈ పెద్ద ఫ్యాక్టరీ తీసుకుంది. తీసుకుని కొత్త నంబర్లు ఇచ్చింది. తనతో పాటు వచ్చినవాళ్ళందరినీ ముందు పంపి, ఆఖర్న ఆయన సంతకం పెట్టాడు. అలా చివరి నంబరు ఆయనదైంది.

ఆఫీసుకు పోయేముందు అక్క దగ్గరికి వెళ్ళాను. అక్క ఒక కుట్టు దుకాణంలో చొక్కాలకి కాలర్లు కుడుతుంది. మిషను ఆపకుండానే విన్నది.

"డబ్బు సంగతి వదిలేయ్. ఎలాగోలా నేను ఈడుస్తా" అంది. "ఆయన సంగతే నా భయం. పాత ఫ్యాక్టరీ మూసినప్పుడు ఎలా ఉన్నాడో నీకు పూర్తిగా తెలియదు."

"తెలుసు కదక్కా. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు."

"అది నీకు చెప్పినంత." ఇప్పుడు మిషను ఆపింది. "ఒకరోజు పొద్దున పోయినవాడు సాయంత్రమైనా రాలేదు. వెతుక్కుంటూ పోతే రైలు పట్టాల పక్కన కంకర మీద కూర్చుని ఉన్నాడు. ఏం చేస్తున్నావంటే, 'రెండు బళ్ళు పోయాయి, మూడోదానికి చూస్తున్నా' అన్నాడు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చా. నీకు పరీక్షలని చెప్పొద్దన్నాడు. నీ ఫీజు కట్టే గడువు ఎప్పుడని ఆ రాత్రే అడిగాడు."

కత్తిరించిన కాలరు ముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నాను.

"ఇంకోసారి అలా కూర్చుంటే లాక్కొచ్చే ఓపిక నాకు లేదురా. అప్పటికి నేను చేరుకుంటానన్న నమ్మకమూ లేదు. నువ్వే రాశావు కదా, నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

ఆ రోజంతా ఆఫీసులో తల ఎత్తకుండా కూర్చున్నాను. మా సమీకరణం అంకెలకు ఎంత బాగా అతికిందో నివేదికలో గొప్పగా రాసుకున్నాం. ఎందుకంత బాగా అతికిందన్న అనుమానం నాకు మొదటే రావలసింది. ఆ రోజు నిజం అంకెలు పక్కన పెట్టి నోటికొచ్చిన అంకెలు వేశాను. ఏ ఫ్యాక్టరీకీ చెందని అంకెలు. రెండే జాగ్రత్తలు తీసుకున్నాను. కూలి, లాభం కలిపితే మొత్తం ఉత్పత్తి విలువ రావాలి. ఆ రెండిటి వాటాలూ ఏటేటా పెద్దగా మారకూడదు. సమీకరణం అప్పుడూ అంత బాగానే అతికింది.

మర్నాడు ఆ కాగితాలు పట్టుకుని డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళాను. ఆఫీసులో ఆయన్ని వెనకాల సగటు గారు అంటారు. ఏ గొడవొచ్చినా రెండు వైపులా కూడి రెండుతో భాగించి తీర్పు చెప్తారు.

"గేటు దగ్గర అంటించిన సంగతి విన్నాను" అన్నారు. "మీ బావగారటగా."

"అవును సార్. బావ కాకపోయినా నేను ఇదే అడిగేవాణ్ణి."

"అడిగేవాడివి కాదులే. కూర్చో."

కూర్చుని నా కాగితాలు ముందు పెట్టాను. "సార్, మన సమీకరణం ఉత్పత్తి గురించి ఏమీ చెప్పడం లేదు. ఇంట్లో అద్దె, కూరగాయలు, చేతిలో మిగిలింది, మూడూ కలిపితే జీతం వస్తుంది. కూడిక సరిపోయింది కదా అని అద్దె పెంచితే జీతం పెరుగుతుందని అనం కదా. మనం చేసింది అదే. కూలి, లాభం కూడి, మళ్ళీ విడదీసి, శ్రమ ఇంత తెస్తుంది, పెట్టుబడి ఇంత తెస్తుంది అన్నాం. ఏ మనిషి ఎంత తెచ్చాడో అందులోంచి రాదు."

"అద్దె ఉదాహరణ బాగుంది. పాఠం చెప్పే రోజొస్తే వాడుకో."

ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. నా కాగితాల్ని వేలితో కూడా తిప్పలేదు.

"మీకు ముందే తెలుసా సార్?"

"నీ వయసులో నేనూ నోటికొచ్చిన అంకెలు వేసి చూశాను. నేనూ ఇలాగే పరిగెత్తుకుంటూ మా సార్ దగ్గరికి పోయాను." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అడిగేవాళ్ళకి ఒక అంకె కావాలయ్యా. మా దగ్గర లేదంటే ఉందనేవాడి దగ్గరికి పోతారు. అంకె మనదైతే పక్కన నాలుగు జాగ్రత్తలైనా రాస్తాం."

"ఆ జాగ్రత్తలు రెండొందలవ పేజీలో ఉన్నాయి సార్. గేటు దగ్గర నాలుగు పేజీలే అంటించారు. సోమవారం మా బావని తీసేస్తున్నారు."

"నివేదిక వెనక్కి తీసుకోవడం నా చేతిలో లేదు." ఆయన మనసులో రెండుతో భాగించడం నాకు కనబడుతూనే ఉంది. "అయితే సారాంశంలో మాట పొరపాటు. చివరి కార్మికుడంటే ఎవరో ఒక మనిషి ఉన్నట్టే ఉంది. ఆ మాట మార్చి సవరణ రాసుకురా. సంతకం, ముద్ర వేసిస్తాను. నేను చేయగలిగింది ఇంతవరకే."

ఇంతవరకైనా దొరికిందని పరుగున నా బల్ల దగ్గరికి వచ్చాను. 'చివరి' అన్న మాట తీసేస్తే ఏం పెట్టాలి. ఉపాంత కార్మికుడంటే ఏ ఉపద్రవమో అనుకుంటారు. అంచు కార్మికుడంటే అంచున ఎవరు నిలబడ్డారా అని చూస్తారు. కొసరు అని రాసి నాకే సిగ్గేసి కొట్టేశాను. సాయంత్రం దాకా ఒక్క మాట కోసం కొట్టుకున్నాను. చివరికి తట్టింది. అదనపు కార్మికుడు. ఉన్నవాళ్ళందరికీ తోడు ఇంకొకరు వస్తే అన్న అర్థం. అర్థశాస్త్రం చెప్పేదీ అదే. అదనపువాడంటే ఇంకా రానివాడు. రానివాణ్ణి ఎవరూ పనిలోంచి తీయలేరు. ఈ ఆలోచన నాకు ఎంత నచ్చిందంటే, ఒంటరిగా ఉన్నా చిన్నగా చప్పట్లు కొట్టుకున్నాను.

సగటు గారు చదివి సంతకం పెట్టారు. ముద్ర పడింది.

మర్నాడు మధ్యాహ్నం ఫ్యాక్టరీకి వెళ్ళాను. మేనేజరు గది అద్దాల గది. అక్కణ్ణుంచి కింద మిషన్లు కనిపిస్తాయి. పైనుంచి ఎర్రటి గాజు ముద్ద కత్తెర పడి తెగి అచ్చులోకి జారుతుంది, మరో పక్కనుంచి నిప్పురంగు సీసా బయటికి వస్తుంది. ఒక ముద్దకీ ఇంకో ముద్దకీ మధ్య దొరికే సందులో, పొడుగు కుంచె పట్టుకున్న మనిషి అచ్చులోపల నల్ల గ్రీజు పూసి చెయ్యి వెనక్కి తీస్తాడు. పూయకపోతే గాజు అంటుకుని సీసా పగుళ్ళిస్తుంది. తీయకపోతే చెయ్యి కాలుతుంది. బావ చేసే పని ఇదే. ఆ షిఫ్టులో ఇంకెవరో చేస్తున్నారు.

"సార్, ఆ కుంచె మనిషిని తీసేస్తే సీసాలు కాస్త తగ్గడం కాదు. మిషనే ఆగిపోతుంది" అన్నాను.

"ఆగదు. పక్క మిషను వాడు రెండూ చూసుకుంటాడు" అన్నాడు మేనేజరు. నిద్రలేని కళ్ళు, ఊడిపోతున్న చొక్కా బొత్తం. రాక్షసుడిలా ఏమీ లేడు. "నా మీద అరవకండి. మనుషుల్ని తగ్గించమని పైనుంచి ఎప్పట్నుంచో చంపుతున్నారు. ఎవర్ని తగ్గించాలో ఎవరూ చెప్పరు. మీ కాగితమే మొదటిసారి చెప్పింది."

"అది ఎవర్నీ చూపించలేదు సార్. అందులో చివరివాడంటూ ఎవరూ లేరు. మనుషులంతా ఒకటే అనుకుని వేసిన లెక్క అది. ఎవరినైనా చివరివాడు అనుకోవచ్చు."

"ఎవరినైనానా?"

"ఎవరినైనా."

"అయితే మీ బావని అనుకుంటే మాత్రం తప్పేముంది?"

చేతిలో ఉన్న సవరణ ఆయన ముందు పెట్టాను. దాని మీదే నా ఆశంతా ఉంది. ఆయన పెదాలు కదుపుతూ చదివాడు. రెండోసారి చదివాడు. ముఖం కొంచెం తేలికపడింది.

"ఇదీ మాట. ఇది ముందే రాసుంటే నాకింత తలనొప్పి ఉండేది కాదు."

"అంటే మా బావ ఉంటాడా సార్?"

"చూడండి, ఒక్కణ్ణి తీస్తే ఆ ఒక్కడే ఎందుకని అడుగుతారు. నా దగ్గర జవాబు లేదు. ఇది అలా కాదు." గంట కొట్టి గుమస్తాని పిలిచి, కాగితం అతని చేతిలో పెట్టాడు. "మూసేసిన ఫ్యాక్టరీ నుంచి వచ్చినవాళ్ళని జీతాల విభాగంలో ఏమని రాస్తారు?"

"అదనపు సిబ్బంది అని సార్" అన్నాడు గుమస్తా.

"అదనపు కార్మికుడు తెచ్చే విలువ కూలి కన్నా తక్కువ. సంస్థ ముద్ర ఉంది. గేటు దగ్గర అంటించు. సోమవారం నుంచి ఆ అదనపు సిబ్బంది మొత్తాన్నీ తప్పిస్తున్నాం." కాగితం మళ్ళీ తీసుకుని, అదే మాట కింద రెండు వరసల్లో రాసిచ్చాడు.

గుమస్తా వెళ్ళిపోతుంటే చెయ్యి పట్టుకున్నాను. అతను విడిపించుకున్నాడు. నేను మేనేజరు బల్లకి ఇటువైపు నుంచి అటువైపు పోయి నేల మీద కూర్చున్నాను. నేను ఎప్పుడూ అలా చేయలేదు. చదువుకున్నవాడు చేయకూడదని అనుకునేవాణ్ణి.

"సార్, ఆ మాటకి అర్థం అది కాదు. అదనపు అంటే ఇంకా రానివాడు. మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ కాగితం వెనక్కి తెప్పించండి. మా బావ ఒక్కణ్ణే తీయండి, మిగతావాళ్ళని వదిలేయండి. వద్దు, బావనీ వద్దు."

ఆయన కాళ్ళు కుర్చీ కిందికి ముడుచుకున్నాడు. "లేవండి. కింది నుంచి చూస్తున్నారు" అన్నాడు నెమ్మదిగా. నిజంగానే కుంచె మనిషి ఒక్క క్షణం తల ఎత్తాడు. మళ్ళీ అచ్చులోకి వంగాడు.

గేటు దగ్గరికి పరిగెత్తేసరికి గుమస్తా జిగురు పూయడం అయిపోయింది. మధ్యాహ్నం షిఫ్టు వాళ్ళు బోర్డు ముందు గుమిగూడారు. ఆ రోజు నుంచి బావ షిఫ్టు మారింది, ఆయనా వాళ్ళలో ఉన్నాడు. రేడియో అప్పటికే చదవడం మొదలుపెట్టాడు. రేడియోకి సన్నటి మీసం, పెద్ద గొంతు. ఎప్పుడూ ఆగకుండా మాట్లాడతాడని ఆ పేరు.

"'చివరి కార్మికుడు అన్నచోట అదనపు కార్మికుడు అని చదువుకోవలసిందిగా మనవి. ఇది ఏ ఒక్క వ్యక్తినీ ఉద్దేశించినది కాదని గమనించగలరు.'" ఆగాడు. "ఏ ఒక్కణ్ణీ కాదంట. అంటే అందర్నీనా?"

కింద మేనేజరు చేతిరాతలో రెండు వరసలున్నాయి. అవి రేడియో పైకి చదవలేదు. అతను మాట్లాడకుండా ఉండటం అక్కడ ఎవరూ ఎప్పుడూ చూడలేదు. అందుకని అందరూ ముందుకు జరిగి ఎవరికి వారే చదువుకున్నారు.

"అదనపు అంటే మనమే" అన్నాడు ఒకాయన.

"మన బ్యాచ్ మొత్తమా?"

"మొత్తమే."

"నిన్నటిదాకా ఒక్కడే కదరా. రాత్రికి రాత్రి పిల్లల్ని పెట్టిందా ఈ కాగితం?"

ఎవరూ నవ్వలేదు. "అసలు ఎవడు రాస్తున్నాడు ఇవన్నీ?" అని వెనక నుంచి ఒక గొంతు అడిగింది.

బావ నన్ను చూశాడు. ఆ గుంపులో నన్ను ఎరిగినవాళ్ళు ఎవరూ లేరు. ఆయన పలకకపోతే నేను దారిన పోయేవాణ్ణి. ఆయన ఈ మనుషులందర్నీ మూడేళ్ళ కింద తన వెంటబెట్టుకుని ఈ గేటు లోపలికి తెచ్చాడు. పలకకుండా ఉండమని కళ్ళతోనే బతిమాలాను.

"మా బావమరిది" అన్నాడు. "అదిగో, అక్కడ నిలబడ్డాడు."

అందరూ తిరిగారు. ఎవరో నా వైపు ఉమ్మారు, అది నా చెప్పు పక్కన పడింది. ఎవరూ చెయ్యి చేసుకోలేదు. రేడియో మాత్రం దగ్గరికి వచ్చాడు.

"చెప్పు నాయనా. ఏం రాశావో మా అందరికీ అర్థమయ్యేలా చెప్పు. మీ బావ నిన్ను గొప్పగా చెప్పుకుంటాడు. లెక్కల్లో పులి అంటాడు."

"మీలో ఎవరి చెయ్యి ఎంత తెచ్చిందో విడదీసి చెప్పే లెక్క మా దగ్గర లేదండీ" అన్నాను. "ఎవరి దగ్గరా లేదు. అందరి పనినీ, అన్ని మిషన్లనీ ఒకే కుప్పగా పోసి కొలిచాం. ఆ కుప్పలోంచి ఒక మనిషిని బయటికి తీయడం కుదరదు."

రేడియో బోర్డు వైపు వేలు చూపించాడు. "ఇప్పుడు చెప్పావే, ఈ ముక్క తేలిగ్గానే ఉంది. ఇదే రాయకపోయావా?"

"దీనికి ముద్ర వేయరు."

"రాసి చూశావా?"

లేదని తల ఊపాను.

సైరన్ మోగింది. సోమవారం దాకా పని ఉంది కాబట్టి ఒక్కొక్కరే లోపలికి పోయారు. బావ ఆగాడు. చొక్కా చేతులు మడుచుకుంటున్నాడు.

"ఎందుకు చెప్పావు బావా వాళ్ళకి?"

"చెప్పకపోతే తర్వాతైనా తెలిసేది. అప్పుడు నువ్వూ నేనూ కలిసి చేశామనుకునేవాళ్ళు." ఇంకో చెయ్యి మడిచాడు. "ఇంటికి పో. మీ అక్కకి నువ్వు చెప్పకు. నేను చెప్తా. నీ చేతిలో పడితే మాట ఇంకోటి అయిపోతోంది."

"షిఫ్టు అవగానే ఇంటికే వస్తావు కదా?"

బావ నా భుజం మీద చెయ్యి వేశాడు, తీశాడు, లోపలికి వెళ్ళిపోయాడు. అద్దాల గది కిందుగా, మిషన్ల మధ్యకి పోయేదాకా ఆయన వీపు కనబడింది.

నేను గేటు పక్క కాంక్రీటు దిమ్మ మీద కూర్చున్నాను. సీసాల లారీ ఒకటి బయటికి వచ్చింది, ఇంకొకటి ఖాళీగా లోపలికి పోయింది. కాసేపటికి వాచ్‌మన్ దగ్గరికి వచ్చాడు.

"ఎవరి కోసం బాబూ?"

"మా బావ కోసం."

"ఏ షిఫ్టు?"

"ఇప్పుడు పోయిన షిఫ్టే."

"ఇప్పుడే కదయ్యా లోపలికి పోయింది. చీకటి పడ్డాక గానీ దిగరు."

"పర్వాలేదు, ఉంటాను" అన్నాను. అతను ఇంకోసారి నన్ను చూసి, ఎండ తగలకుండా దిమ్మకి ఆ చివర జరిగి కూర్చోమన్నాడు. అక్కడి నుంచి గేటు సరిగ్గా కనబడదని, నేను ఉన్నచోటే ఉండిపోయాను.